నిద్రబండ

గొర్రెకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపడం చూసేవాళ్ళకు తేలిగ్గానే కనిపిస్తుంది. దాన్ని రెండు మోకాళ్ళ నడుమ బిగించి, బొటనవేలు దవడ పక్కన పళ్ళు లేని సందులోకి దూర్చి, నోరు తెరుచుకోగానే సీసా మూతి పెట్టి, నాలుక మీదికి కొంచెం కొంచెంగా పొయ్యాలి. తొందరపడి గుమ్మరిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ గొర్రె ఇక దగ్గుతూనే ఉంటుంది. అరవై ఏడేళ్ళ మంగయ్య ఒక్క పూటలో వంద గొర్రెలకు మందు తాపుతాడు, ఒక్కటీ దగ్గదు. తాగినదాని వీపు మీద భార్య భద్రమ్మ జాజుతో ఎర్రటి గీత గీసి వదిలేస్తుంది. పని నడిచినంతసేపూ ఇద్దరి మధ్య మాటలుండవు. ఉంటే అవి భద్రమ్మవే.

ఆ మంగళవారం పొద్దున సగం మంద అయ్యేసరికి పంచాయతీ సెక్రటరీ కల్పన దొడ్డి ముందు స్కూటీ ఆపింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పుట్టిల్లు సూర్యాపేట, వేములపల్లిలో గది కిరాయికి తీసుకుని రెండు ఊళ్ళ పని ఒక్కతే నెత్తిన వేసుకుని తిరుగుతుంది. రోడ్డు మీద కొత్తగా కట్టిన బస్ షెల్టర్ గోడ కొలవడానికి టేపు పట్టుకుని వచ్చింది. కోదాడ నుంచి పెయింటర్ గురువారం వస్తున్నాడనీ, షెల్టర్ నుదుటి మీద ఊరి పేరు అడుగున్నర ఎత్తు అక్షరాలతో, మిర్యాలగూడ బస్సులో వెనక సీటువాళ్ళకు కూడా కనపడేట్టు రాయిస్తాననీ సంబరంగా చెప్పింది.

మంగయ్య చేతిలో సీసా కొంచెం ఎక్కువ వంగింది. ఆ పూటకు మొదటిసారి ఒక గొర్రె దగ్గింది.

ఆ ఊరి పేరు నిద్రబండ. మిర్యాలగూడ పోయే రోడ్డుకు తూర్పున ముప్పై గొల్ల ఇళ్ళు, పడమట లంబాడీ తండా, నడుమ రోడ్డు వారగా పదిమంది కూర్చునేంత నున్నటి బండ. దొరల కాలంలో మంగయ్య తాత అచ్చయ్య గొర్రెలను మేతకు వదిలి ఆ బండ మీద పట్టపగలు నిద్రపోయాడు. మంద పోయి దొర పెసర చేను మేసింది. దొర సగం మందను తన దొడ్లోకి తోలించుకున్నాడు. కథ ఇంతే. కొన్ని ఊళ్ళకు దేవుళ్ళ పేర్లుంటాయి, కొన్నిటికి చెట్ల పేర్లుంటాయి. ఈ ఊరికి ఒక మనిషి తీసిన కునుకు పేరైంది.

కాపరిని ఏమైనా అనండి, పడతాడు. మంద దగ్గర నిద్రపోయాడని మాత్రం అనకూడదు. సూర్యాపేట అంగడికి పోతే, నిద్రబండ మంగయ్యా, గొర్లు లేసినయా నువ్వు లేసినవా అని అడగనివాడు లేడు. యాభై ఏళ్ళుగా మంగయ్య ఆ మాటకు పెదవులతో నవ్వుతూ వచ్చాడు. పగటిపూట నడుం వాల్చడం అతనికి తెలియదు. టైఫాయిడ్ వచ్చి మిర్యాలగూడ దవాఖానలో పడ్డప్పుడు కూడా పగలంతా మంచం మీద కూర్చునే ఉంటే, మీ ఆయనకు జ్వరమా పంతమా అని నర్సులు భద్రమ్మను అడిగారు.

ఈ మధ్య అతనికి కొంచెం ధైర్యం వచ్చింది. పాత మనుషులు ఒక్కొక్కరే పోతున్నారు. కొత్త పిల్లలు సిగ్గుపడి ఆధార్ కార్డుల్లో ఎన్.బండ అని రాయించుకున్నారు. ఎన్ అంటే ఏంటని అడిగితే నరసింహ అని చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు. ఇంకో పదేళ్ళు పోతే ఈ పేరు పుట్టుపూర్వోత్తరాలు అడిగేవాడే ఉండడని మంగయ్య లోలోపల లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు ఈ పిల్ల వచ్చి అడుగున్నర అక్షరాలంటోంది.

సీసా పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, ఊరి పేరు మార్చడానికి ఏం చెయ్యాలని అడిగాడు. భద్రమ్మ జాజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆయన ఇంత పెద్ద పని తలకెత్తుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

కల్పన ఓపిగ్గా వివరించింది. అటు గొల్లవాడలో సగం ఇళ్ళు, ఇటు తండాలో సగం ఇళ్ళు ఒప్పుకుని కాగితం మీద సంతకాలు చేస్తే గ్రామసభ తీర్మానం రాస్తుంది. రికార్డులో మారడానికి మండలం, జిల్లా తిరగాలి, ఏళ్ళు పట్టొచ్చు.

"కని గోడ నా చేతిల ఉంటది తాతా," అంది. "గురువారం పొద్దుగాల్ల కాగితం తెచ్చియ్యి. రికార్డు సంగతి తర్వాత, ముందుగాల గోడ మారుద్దం."

కొత్త పేరేమిటో రాసుకోవడానికి పెన్ను తీసింది. మంగయ్య తడుముకోలేదు. లింగాపురం. దానికి కారణం కూడా ఉంది. దొర సగం మందను తోలుకుపోయిన మరుసటి ఏడు, ఆషాఢంలో ఒక తెల్లవారి, అచ్చయ్య మందలో కొత్త గొర్రెపిల్ల ఒకటి కనిపించింది. నుదుటి మీద పసుపు ఉంది. ఆ పైఏడు మళ్ళీ ఒకటి. అచ్చయ్య పోయేదాకా ఏటా ఒకటి వచ్చింది. పెద్దగట్టు లింగమంతుల స్వామి దయతలిచి పంపిస్తున్నాడని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఆ పిల్లల సంతానం ఇప్పటికీ మందలో ఏడు ఉన్నాయి. వాటిని అమ్మరు, కొయ్యరు, చెవులకు గాటు కూడా పెట్టరు. స్వామి పిల్లలంటారు. నిద్ర పేరు తీసి స్వామి పేరు పెడితే తాత ఆత్మ కూడా కుదుటపడుతుందని మంగయ్య ఆలోచన.

భద్రమ్మ ఆగిన గీత పూర్తి చేసి, ఆ గొర్రెను వదిలేసింది.

గొల్లవాడ సంతకాలు ఆ సాయంత్రానికే అయిపోయాయి. ఇద్దరు ముగ్గురు, ఉన్న పేరుకేమొచ్చిందని గొణిగారు గానీ మంగయ్య ముఖం చూసి పెన్ను అందుకున్నారు. బుధవారం పొద్దున్నే అతను కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గొర్రెలను భద్రమ్మకు అప్పగించి తండాకు బయలుదేరాడు.

తండాలో నలుగురూ మాట వినే మనిషి బాల్యా. అరవై ఏళ్ళవాడు, మడిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నారు పీకుతున్నాడు. పిడికిలి నిండా పీకి, వేళ్ళకంటిన బురదను నీళ్ళలో రెండుసార్లు జాడించి, కాలి పిక్కకు తట్టి, తాటాకు చీలికతో కట్ట కట్టి వెనక్కి విసురుతున్నాడు. కట్టలన్నీ వరసగా పడుతున్నాయి. మంగయ్య గట్టు మీద నిలబడి విషయం చెప్పాడు. బాల్యా పని ఆపకుండానే విన్నాడు. అతనికి ఏ అభ్యంతరమూ లేదు. లింగాపురమైనా గంగాపురమైనా బస్సు ఆగితే చాలన్నాడు.

"కని మా అమ్మ వేలు ఎయ్యాలె అన్నా," అన్నాడు నడుం నిటారుగా చేసి. "ఆమె ఎయ్యకుంటె తండల ఒక్కలు గూడ ఎయ్యరు. నేను గూడ ఎయ్య."

బాల్యా తల్లి కమ్లికి ఎనభై ఎనిమిదేళ్ళు. రేకుల వసారా కింద కాళ్ళు చాపుకుని బొంత కుడుతోంది. పాత చీరలు నాలుగు పొరలు పరిచి, అంచు నుంచి అంచుకు సన్నటి కుట్లు వేస్తూ పోతోంది. చూపు తగ్గినా ఎడమచేతి వేలితో తడుముకుంటూ కుట్టును కుట్టు పక్కనే దించుతోంది. మంగయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన ముసలమ్మే. ఆరోగ్యం అడిగాడు, వానలు అడిగాడు, చివరికి కాగితం తీశాడు.

కమ్లి కాగితం వంక చూడలేదు. పేరుకు ఏమైందని అడిగింది. తన తాతను పూటపూటా వెక్కిరించే పేరు ఇప్పుడు గోడ మీదికి ఎక్కుతోందనీ, అది తనకు ఇష్టం లేదనీ మంగయ్య దాచకుండా చెప్పాడు. ఆమె సూదిని బొంతకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఆ పేరు ఎవలు పెట్టిన్రో ఎరికేనా నీకు?"

"దొర మనుషులు పెట్టిన్రు. ఇంకెవలు పెడ్తరు అవ్వా."

"కాదు. మేం పెట్టినం."

ఆ తర్వాత ఆమె చెప్పింది మంగయ్య ఎన్నడూ వినలేదు. కమ్లికి అప్పుడు ఎనిమిదేళ్ళు. కాలువ లేని రోజులు, ఈ నేలంతా మెట్ట. తండా ఆడవాళ్ళు ఇరవైమంది దొర పెసర చేలో వెట్టికి కలుపు తీస్తున్నారు. దొర మనిషి అన్నానికి పోయాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. ఎవరో ఒకామె తలెత్తి, బండ మీద మనిషి పడి ఉన్నాడంది. చచ్చిపోయాడనుకున్నారు. కలుపు కొడవళ్ళు పట్టుకుని అందరూ గట్టు దాకా పోయి చూశారు. కాపరి అచ్చయ్య. గొంగడి పరుచుకుని, నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి పక్కన పడుకున్న గొర్రెపిల్ల ఉన్నిలో పెట్టుకుని నిద్రపోతున్నాడు. పొట్ట మెల్లగా లేస్తూ దిగుతోంది.

"పగటీలి పండిన మనిషిని మేం సూసింది గదే మొదలు," అంది కమ్లి. "రోగమొస్తెనో పానం పోతెనో పండుతరు. పానం మంచిగుండంగ పండుడు మాకు యాడిది? అందరు అట్లనే నిలవడి సూసిన్రు. మా యాడి నవ్వింది. మా అమ్మ నవ్వంగ నేను సూసింది గూడ ఆ దినమే."

గొర్రెలు చేలోకి దిగడం వాళ్ళంతా చూశారు. ఒకామె అదిలించడానికి రెండడుగులు వేసింది. కమ్లి తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తిననియ్యమంది. అందరూ తిరిగి వచ్చి తలలు దించుకుని కలుపు తీశారు. పక్క సాళ్ళలో గొర్రెలు పెసర తీగలు పటపట తెంపుకుని తింటుంటే ఆ చప్పుడు వింటూ కలుపు తీశారు. దొర మనిషి వచ్చి కాపరిని కట్టెతో కొట్టి లేపాడు. మీరెందుకు తోలలేదని ఆడవాళ్ళను అడిగితే, వంగి ఉన్నాం, చూడలేదన్నారు. ఆ పక్క నుంచి ఎప్పుడు పోయినా ఆ నిద్రబండ కాడ, ఆ నిద్రబండ కాడ అనుకునేవారు. కొంతకాలానికి అదే అందరి నోటా పడింది.

మంగయ్య ముందుకు వంగాడు. "మీరంత కండ్లార సూసిన్రా?"

"సూసినం."

"లేపకపోతిరి. తోలకపోతిరి. మా మంద సగం పాయె."

"లేపలే, తోలలే," అంది కమ్లి. కళ్ళు దించలేదు. "తప్పు మాదే బిడ్డా. గందుకే ఏటేట ఆషాఢంల సీత్లా పండుగకు రెండు పిల్లల్ని కొనేటోళ్ళం. రెంటికి పసుపు పెట్టేటోళ్ళం. ఒకటి అమ్మవారికి. ఇంకోటి తెల్లారకముందే మీ తాత మందల ఇడిసేటోళ్ళం. మా అమ్మ ఇడిసింది, ఆమె పోయినంక నేను ఇడిసిన."

వసారా ముందు కోడి ఒకటి గింజలు ఏరుకుంటోంది. మంగయ్య దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దండం పెట్టుకున్న స్వామి పిల్లలు ఏడూ కళ్ళ ముందు నిలబడ్డాయి.

"ఆ పేరు మీ తాతను ఎక్కిరియ్యనీకి పెట్టలే," అంది ముసలామె మళ్ళీ సూది అందుకుంటూ. "మాకు ఆశయ్యి పెట్టుకున్నం. అది మాది. నేను వేలెయ్య."

మంగయ్య లేచి, కాగితాన్ని కవర్లో పెట్టుకుని, వస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాడు.

మధ్యాహ్నం కాలువ గట్టు మీద గొర్రెలు మేస్తున్నాయి. భద్రమ్మ సద్ది విప్పి ముందు పెట్టినా అతను ముద్ద కలిపి తినడం లేదు. కోపంగా ఉంది. ఎవరి మీద కోపమో తేలడం లేదు. ఇరవైమంది ఉండి ఒక్కరు అరిచినా తాత లేచేవాడు. మంద దక్కేది. ఆ దెబ్బలు, ఆ పేరు, అంగడిలో ఆ నవ్వులు, ఏవీ ఉండేవి కాదు. జరిగిందంతా భద్రమ్మకు చెప్పి, దొంగ ముఖాలు అన్నాడు. అనగానే ఆ మాట తనకే నచ్చలేదు.

భద్రమ్మ ఉల్లిగడ్డ చితకకొట్టి ఇచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, కొంచెం నవ్వు కూడా ఉంది. అది చూసి అతనికి ఇంకా మండింది.

"ఏందయ్యా, స్వామి పిల్లలంటిమి, ఇప్పుడు తండ పిల్లలైనయి," అంది ఆమె. "పాలేమన్న మారినయా? ఉన్ని మారిందా?"

అతను లేచి, మందలోకి పోయి స్వామి పిల్లల్లో ముసలిదాన్ని పట్టుకున్నాడు. మూతి పట్టి తిప్పి చూశాడు. ముక్కు పొడుగు, చెవి పొట్టి, కళ్ళ చుట్టూ నల్లటి వలయం. తమ మంద గొర్రెల పోలిక కాదు. ఏ అంగడిలోనో కొన్న జాతి. మంగయ్యకు ఇది తెలియని సంగతేమీ కాదు. దేవుడు పంపింది వేరేగా ఉండకపోతే ఎట్లా ఉంటుందని ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాడు.

మరి తాత? అచ్చయ్య గొర్రెపిల్ల ముఖం చూసి దాని తల్లిని చెప్పేవాడు, తల్లి ముఖం చూసి ఏ ఊరి మందదో చెప్పేవాడు. ఆయనకు తెలియకుండా ఉంటుందా? మంగయ్య గొర్రెను వదిలి అక్కడే నిలబడిపోయాడు. తనకు పదేళ్ళప్పటి ఒక తెల్లవారి గుర్తుకొచ్చింది. పసుపు బొట్టు పిల్లను చంకన పెట్టుకుని, స్వామి ఇచ్చిండురా అని చెప్పి, దాన్ని కిందికి దించి, తాత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పెద్దగట్టు సూర్యాపేట పక్కన, ఉత్తరాన ఉంది. తాత దండం పెట్టింది పడమటికి. తండా వైపు.

తెలుసు. తాతకు అన్నీ తెలుసు. ఆ ఇరవైమంది చూస్తూ ఊరుకున్నారని ఒక్క మాట బయటపెట్టి ఉంటే దొర వాళ్ళ వీపులు చీల్చేవాడు. చెప్పలేదు. నిద్రమొహం అనిపించుకుని బతికాడు. స్వామి పేరు అడ్డం పెట్టి, వాళ్ళు ఇస్తున్న గొర్రెపిల్లను ఏమీ తెలియనట్టే తీసుకున్నాడు. మంగయ్యకు తాతను అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది. తిరిగి వచ్చి కూర్చుని సద్ది మొత్తం తిన్నాడు, ఇంకో ఉల్లిగడ్డ అడిగి తిన్నాడు.

గురువారం ఎనిమిదింటికే పెయింటర్ కృపాకర్ కోదాడ నుంచి బండి మీద దిగాడు. యాభై దాటిన మనిషి, చొక్కా మీద అన్ని రంగులూ ఉన్నాయి. నిచ్చెన వేసుకుని, తెల్ల సున్నం రాసిన దారాన్ని గోడకు అటూ ఇటూ బిగించి, నడుమ పట్టుకుని లాగి వదిలాడు. గోడ మీద నిక్కచ్చిగా ఒక గీత పడింది. దాని పైన ఇంకొకటి. ఆ రెండు గీతల మధ్య ఏం రాయాలో ఇంకా తేలలేదు. కల్పన స్కూటీ మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది.

కృపాకర్‌కు మాట్లాడకుండా చెయ్యి ఆడదు. ఫ్లెక్సీలు వచ్చాక చేతిరాత పని సగానికి పైగా పోయిందనీ, ఇప్పుడు ఊళ్ళ పేర్లే తనకు అన్నం పెడుతున్నాయనీ చెప్పాడు. అలిగినగట్టు రాశాడు, పిల్లిగుండ్లు రాశాడు. అత్తాకోడళ్ళ బాయి రాసేటప్పుడు, అత్త పేరు ముందెందుకు ఉండాలని ఒక కోడలు నిచ్చెన దగ్గరికి వచ్చి గొడవ పెట్టుకుందట.

"ఎక్కడ రాసినా ఆ పేరెందుకొచ్చిందో అడుగుతానండీ," అన్నాడు. "అడక్కుండా రాస్తే అక్షరం వంకర పోద్ది నాకు."

అప్పుడే మంగయ్య గొర్రెలను తోలుకుని వచ్చాడు. వాటిని బండకు అవతల బీడులో వదిలి, కవర్లోంచి కాగితం తీశాడు. కల్పన చెయ్యి చాచింది. అతను ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు.

"పేరు మార్చుడు లేదు మేడం. ఉన్నదే రాయిన్రి."

కల్పనకు ఒక పని తగ్గింది. కారణం అడగబోయి ఆగి, బ్యాగులోంచి రికార్డు కాపీ తీసి కృపాకర్‌కు అందించింది. అతను పైకి చదివాడు. ఎన్.బండ.

"ఎన్ ఏంది?" అన్నాడు మంగయ్య. "పూర్తిగ రాయాలె."

కార్డుల్లో, రేషన్‌లో, ఓటరు లిస్టులో అంతటా అట్లాగే ఉందని కల్పన నచ్చజెప్పింది. పిల్లలకు కూడా అదే ఇష్టమంది. మంగయ్య అన్నిటికీ తలూపాడు.

"గోడ నీ చేతిల ఉంటదంటివి గద బిడ్డా. రికార్డుల ఎట్లనన్న ఉండనియ్. గోడ మీద మాత్రం నిద్ర కనపడాలె."

మంగళవారం ఒకటి అడిగి గురువారం ఇంకొకటి అడిగే ముసలాయనను కల్పన కొంచెంసేపు చూసింది. తర్వాత కృపాకర్‌కు కానివ్వమని చెయ్యి ఊపింది. అతను బొగ్గుముక్కతో గీతల మధ్య అక్షరాలు అంచనా వేసుకుంటూ, కథ అడిగాడు. నాట్లకు పోయే తండా ఆడవాళ్ళు ఆటో కోసం షెల్టర్ కింద నిలబడి ఉన్నారు. వాళ్ళూ ఇటు తిరిగారు. ఊళ్ళో ఎవరు చెప్పినా లేచి పక్కకు పోయే మంగయ్య ఆ కథను ఎన్నడూ తన నోటితో చెప్పలేదు. ఆ పొద్దున చెప్పాడు.

"మా తాతకు నిద్రొచ్చింది, పండిండు. తండ ఆడోళ్ళు సూసి, పండనియ్ అన్నరు. చేను దొరది. గొర్లు మంచిగ తిన్నయి."

నిచ్చెన మీద కృపాకర్ నవ్వాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మంగయ్య కూడా నవ్వాడు. ఈసారి పెదవులతో కాదు, పొట్ట కదిలేట్టు నవ్వాడు. ఆటో వచ్చి వాళ్ళు ఎక్కి పోయేదాకా ఆ నవ్వు అతని ముఖం మీదే ఉంది.

పదకొండయ్యేసరికి కమ్లి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అక్షరాలు చదవడం ఆమెకు రాదు. ఎంతవరకు వచ్చిందని అడిగితే, మొదటి రెండూ అయ్యాయి, అవే నిద్ర అని మంగయ్య చూపించాడు. ఎర్ర రంగు మెరుస్తోంది. మిగతా రెండూ అయ్యేదాకా కూర్చుంటానని బండ ఎక్కింది. షెల్టర్ నీడ ఇంకా సగం బండ మీద ఉంది. మంగయ్య తన గొంగడి పరిచాడు. బుధవారం సంగతి అతను ఎత్తలేదు, ఆమె అడగలేదు. రంగు వాసన, కాలువ నీళ్ళ వాసన కలిసి వస్తున్నాయి. కృపాకర్ నాలుగో అక్షరానికి నిచ్చెన జరుపుతున్నప్పుడు చూస్తే ముసలామె ఒక పక్కకు ఒరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కర్ర జారి పక్కన పడింది.

కొంచెంసేపటికి బాల్యా మడిలోంచి కాళ్ళకు బురదతోనే వచ్చాడు. తల్లిని అన్నానికి పిలుచుకుపోవడానికి వచ్చి, బండ మీద చూసి గాభరాగా వంగాడు. మంగయ్య అతని భుజం పట్టుకున్నాడు.

"లేపకు."

"అన్నం యాల్లయింది అన్నా. ముసల్ది, ఆకలికి ఆగది."

"అన్నం యాడికి పోదు. మీ అమ్మ ఎన్నడన్న పగటీలి పండంగ సూసినవా?"

బాల్యా ఆలోచించాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, తల్లి వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. చూడలేదని తల అడ్డంగా ఊపి, బురద కాళ్ళతోనే రోడ్డు అంచున కూర్చున్నాడు.

నాలుగు అక్షరాలూ అయిపోయాయి. కృపాకర్ నిచ్చెనను చప్పుడు కాకుండా దించాడు, కల్పన స్కూటీని స్టార్ట్ చెయ్యకుండా కొంతదూరం తోసుకుంటూ తీసుకుపోయింది. గొర్రెలకు నీళ్ళ వేళ దాటింది, కాలువకు పోవాలంటే బండ పక్కనుంచే పోవాలి. అదిలించకుండా, కేకెయ్యకుండా మంద తోలడం మంగయ్యకు చేతకాదు. అయినా ఆ రోజు ముందుకు పోయి, దారి తీసే పొట్టేలు మెడలో గంటను పిడికిట్లో గట్టిగా పట్టుకుని, బండ దాటేదాకా దానితో పాటే వంగి నడిచాడు. మంద మొత్తం అతని వెనకే పోయింది.